రెండో సంతకం

సూర్యాపేట జిల్లాలో ఆత్మకూర్ (ఎస్) అని ఒక మండలం ఉంది. ఆ చివరి ‘ఎస్’ అంటే సూర్యాపేట. తెలుగునాట ఆత్మకూర్లకు కరువు లేదు. నెల్లూరు వైపు ఒకటి, వనపర్తి వైపు ఒకటి, నల్లమల అంచున ఇంకొకటి. ఇవి చాలవన్నట్టు పాత నల్లగొండ జిల్లాలోనే రెండు పడ్డాయి. మోత్కూరు దగ్గరిదానికి ‘ఎం’ తగిలించారు, సూర్యాపేట దగ్గరిదానికి ‘ఎస్’ తగిలించారు. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి. ఒక ఆత్మకూర్ యాదాద్రి భువనగిరికి పోయింది, ఇంకొకటి సూర్యాపేటకు వచ్చింది. అయినా తోకలు మాత్రం ఊడలేదు.

ఆ తోకతో సహా ఊరి పేరును, మండలం పేరును తప్పు లేకుండా రాయడం నేర్చుకున్న ఆడవాళ్లు ఆ ప్రాంతంలో చాలామంది ఉన్నారు. బడికి పోయి నేర్చుకున్నది కాదది. పొదుపు సంఘంలో చేరి, తీర్మానాల పుస్తకం ముందు కూర్చుని నేర్చుకున్నది. మొదట వేలిముద్ర, తర్వాత పేరులో మొదటి అక్షరం, ఆ తర్వాత పూర్తి సంతకం. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ పుస్తకం గురించి. సరిగ్గా చెప్పాలంటే, ఆ పుస్తకం ఇప్పుడు ఎవరి చేతుల్లోకి పోవాలన్న సంగతి గురించి.

ముందు ఒకసారి వడ్ల కల్లం దగ్గరికి పోదాం. యాసంగి కోతలు అయ్యాక నెమ్మికల్, ఏపూరు, పాతర్లపహాడ్ వైపు ఏ ఊరికి పోయినా రోడ్డు పక్కన వడ్ల కుప్పలే. కొనుగోలు కేంద్రాల్లో చాలామటుకు మహిళా సంఘాలవే. జనం నోట అవి ‘ఐకేపీ సెంటర్లు’. ఆ పథకం పేరు మారి ఎన్నాళ్లయిందో గానీ పిలుపు మారలేదు. అక్కడ ఒక ప్లాస్టిక్ కుర్చీలో గ్రామ సమాఖ్య అక్క కూర్చుని ఉంటుంది. ముందు తేమ మిషను, పక్కన కాంటా, వెనక గన్నీ సంచుల కట్టలు. తేమ 17 శాతం దాటితే వడ్లు కాంటాకెక్కవు. మిషను 18 చూపిస్తే రైతు ఊరుకుంటాడా? ‘మీ మిషనే ఖరాబైంది’ అంటాడు. ఆ రైతు ఆమెకు మరిదో, మేనమామో, సర్పంచి మనిషో అయి ఉంటాడు. తరుగు ఎంత తీస్తారని రైతు నిలదీస్తాడు. లారీ ఇయ్యాల రాదని ఫోనొస్తుంది. హమాలీలు అన్నానికి పోయి ఇంకా రారు. ఇన్నిటి మధ్య ఆమె ఒక్క మాట చెబుతుంది: ‘ఇంకో పూట ఆరబోయ్ తమ్మీ, రేపు పొద్దుగాల నీదే మొదటి కాంటా.’ ఆ మాటకు ఆ మనిషి తగ్గుతాడు. నాయకత్వం అన్న మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే. మైకులో మాట్లాడటం దానికి చాలా తర్వాతి సంగతి.

ఆ అక్క వయసు అరవైకి అటో ఇటో ఉంటుంది. ఆమె పక్కన ట్యాబ్ పట్టుకుని రైతుల పేర్లు, పట్టా పాసుబుక్కు నంబర్లు, బ్యాంకు ఖాతాలు కొట్టే అమ్మాయికి పాతికేళ్లు. డిగ్రీ చదివిన కోడలు పిల్ల. పని ఇద్దరిదీ. కానీ ఊళ్లో అడిగితే ‘లీడరమ్మ’ అంటే పెద్దామె ఒక్కతే. ‘ఆ పిల్లెవరు?’ అంటే ‘ట్యాబ్ కొట్టే పిల్ల’ అంటారు. ఈ రెండు పిలుపుల నడుమ ఉన్న దూరమే ఇవాళ సంఘాల అసలు సమస్య అని నాకనిపిస్తుంది.

అది అర్థం కావాలంటే కాస్త వెనక్కి పోవాలి. ‘సంఘం’ అన్న మాట నల్లగొండ నేలకు ప్రభుత్వం తెచ్చిచ్చింది కాదు. 1940లలో ఆంధ్ర మహాసభను ఈ ఊళ్లు ‘సంగం’ అనే పిలిచాయి. వెట్టిచాకిరి చెయ్యబోమని, లెవీ ధాన్యం ఇయ్యబోమని తిరగబడ్డది ఆ సంగమే. అందులో ఆడవాళ్లు కారప్పొడితో, రోకళ్లతో నిలబడటమే కాదు, దళాల్లోనూ తిరిగారు. అలా తిరిగిన, కర్విరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం పేరు ఈ ప్రాంతంలో తెలియనివాళ్లు ఉండరు. అయితే ఆ కథలో నన్ను పట్టుకుని వదలని భాగం పోరాటం కాదు, పోరాటం తర్వాతిది. 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించారు. తుపాకులు దించాక మగవాళ్లలో కొందరు ఎన్నికల వైపు, పార్టీ పనుల వైపు నడిచారు. ఆడవాళ్లలో చాలామందికి దక్కింది ‘ఇక ఇంటికి పొండి, సంసారాలు చూసుకోండి’ అన్న మాట. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లు ఆ స్త్రీలను వెతికి పట్టుకుని, వాళ్ల మాటలను 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకంగా తెచ్చేదాకా ఆ బాధ అచ్చులోకే రాలేదు. స్వరాజ్యం మాత్రం 1978లో, మళ్లీ 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచారు. అలా నిలబడగలిగినవాళ్లు కొందరే. పోరాడే శక్తి ఎందరికో ఉండింది, ఆ శక్తి పోరాటం ముగిశాక కూడా కూర్చోడానికి ఒక చాప లేకపోయింది. చాప అంటే సంస్థ.

ఆ చాప చాలా ఏళ్లకు, వేరే దిక్కు నుంచి వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు ఒక పాఠం చదివి, సారా కొట్టు మూయించారు. అక్కడ రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారా మీద పోకుండా మిగిలిన రూపాయి ఏం కావాలి? రోజుకో రూపాయి పొదుపు. పదిమంది, పదిహేనుమంది కలిస్తే ఒక సంఘం. బ్యాంకులు సంఘాలకు అప్పులిచ్చే పద్ధతిని నాబార్డు మొదలుపెట్టిందీ 1992లోనే. 2000లో పేదరిక నిర్మూలన సంస్థ, అదే సెర్ప్, ఏర్పడ్డాక ‘వెలుగు’ పేరుతో సంఘాలను గ్రామ సమాఖ్యలుగా, వాటిని మండల సమాఖ్యలుగా, ఆపైన జిల్లా సమాఖ్యలుగా కట్టారు. వెలుగు పోయి ఇందిరా క్రాంతి పథం, అదే ఐకేపీ, వచ్చింది. ఇప్పుడు ఇందిరా మహిళా శక్తి. పేర్లు మారిస్తే తప్ప ప్రభుత్వాలకు నిద్ర పట్టదు గానీ, గురువారం రాత్రి అన్నాలు తిన్నాక అంగన్‌వాడీ అరుగు మీద జరిగే మీటింగు మాత్రం అదే.

ఇక్కడ ఒక చిన్న చట్టం ముచ్చట చెప్పాలి, ఎందుకంటే దీన్ని సంఘాల్లోనే చాలామంది మరిచిపోయారు. ఈ సమాఖ్యలను 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరు చేయించారు. పాత సహకార సంఘాల్లో ప్రభుత్వం వాటా పెట్టేది, పాలకవర్గాన్ని రద్దు చేసేది, తన మనిషిని తెచ్చి కూర్చోబెట్టేది. ఆ పీడ ఉండకూడదనే ఈ కొత్త చట్టం తెచ్చారు. అంటే కాగితం మీద మండల సమాఖ్య ఏ అధికారి కిందిదీ కాదు, సభ్యులది. ఆచరణలో? అధికారి ఫోను చేసి ‘రేపు మీటింగుకు ఊరికి ముప్పై మంది రావాలె’ అంటే ముప్పై మంది బస్సెక్కుతారు. ఎవరి సభ, ఎందుకు పోతున్నామని అడిగే అలవాటు తప్పిపోయింది. సభలో కుర్చీలు నింపడానికి సంఘాలు గుర్తొచ్చినంత గట్టిగా, నిర్ణయాలు తీసుకునేటప్పుడు గుర్తురావు. ఈ మాట చేదుగానే ఉంటుంది, కానీ అనకపోతే మిగతాదంతా పొగడ్త అయిపోతుంది.

సరే, మన లీడరమ్మ దగ్గరికి వద్దాం. ఆ మండలంలో తిరిగిన రోజుల్లో ఒక పెద్దామెను అడిగాను. ‘అక్కా, ఇరవై ఏండ్ల సంది నువ్వే లీడరువు. ఇంకొకళ్లకు ఇయ్యరాదా?’ ఆమె నవ్వలేదు. ‘ఇయ్యనన్ననా? తీస్కొమ్మను. ఎవ్వరు ముందటికి రాకపాయె’ అంది. నేను మొదట అది సాకు అనుకున్నాను. తర్వాత లెక్క వేస్తే సాకు కాదని తెలిసింది.

లీడరు మారాలంటే సంఘం తీర్మానం రాయాలి. అది సులువే. ఆ తర్వాత బ్యాంకులో సంతకాలు మార్చాలి. కొత్త లీడరు ఫొటోలు, ఆధార్, పాన్ కార్డు, పాత లీడర్ల సంతకాలు, తీర్మానం నకలు. ఒకనాడు సర్వర్ లేదంటారు, ఒకనాడు సారు లీవంటారు. ఒక్కోసారి పోయి రావడమంటే ఒక రోజు కూలి, చార్జీలు, ఇంట్లో సాధింపు. మూడుసార్లు తిరిగాక ‘పాతామెనే ఉండనీయుండ్రి’ అని వాళ్లే అంటారు. బ్యాంకుకూ పాత ముఖమే హాయి. అధికారికీ ఫోనులో పాత నంబరే హాయి. సంఘంలో ఒకరు కిస్తు కట్టకపోతే లీడరు తన చేతి నుంచి కట్టి, తర్వాత వసూలు చేసుకోవాలి. ఆ తలనొప్పి చూసిన చిన్నపిల్లలు ‘మాకెందుకత్తా’ అని వెనక్కి జరుగుతారు. ఇన్ని కలిసి ఒకామెను కుర్చీకి కట్టేస్తాయి. ఆపైన ఇరవై ఏళ్లు కూర్చున్నాక ఆ కుర్చీ మీద మమకారం పుట్టదా అంటే, పుడుతుంది. మనుషులమే కదా.

కుర్చీ పాతబడ్డకొద్దీ ఇంకో ప్రమాదం. పేరు ఆమెది, పెత్తనం ఆమె భర్తదో కొడుకుదో అవుతుంది. దస్త్రాలు ఇంట్లో ఉంటాయి, ఇంట్లో చదువుకున్నవాడు అతను, బ్యాంకుకు బండి మీద దింపేదీ అతనే. మెల్లగా పుస్తకం కూడా అతనే రాస్తాడు. సభ్యులకు తమ అప్పు ఎంత మిగిలిందో తెలియాలంటే అతన్నే అడగాలి.

వేలిముద్ర సంగతి ఇందాక మొదలుపెట్టి వదిలేశాను. సంతకం నేర్చుకున్ననాడు ఆ ఆడవాళ్ల మొహాలు చూసినవాళ్లకు తెలుసు అదెంత గొప్పో. వేలిముద్ర మనిషన్న అర్థంలో ‘నిశానీ’ అని పిలిపించుకోవడం పోయింది. ఇప్పుడేమైంది? బయోమెట్రిక్ వచ్చింది. రేషన్ షాపులో, పింఛను దగ్గర, ఊరికొచ్చే బ్యాంకు మిత్ర దగ్గర, మళ్లీ బొటనవేలే పెట్టమంటున్నారు. నాట్లు వేసి, పత్తి ఏరి, బీడీలు చుట్టి, అంట్లు తోమి గీతలు అరిగిన వేలు మిషనుకు ఆనదు. ‘తుడిచి పెట్టు, మళ్లీ పెట్టు’. అక్షరం నేర్చుకుని వేలిముద్రను దాటామనుకున్న మనిషిని మళ్లీ వేలి దగ్గరికి తెచ్చి, ఆ వేలు కూడా నీది కాదంటే ఎలా ఉంటుంది? వేలు పడకపోతే ఓటీపీ. ఆ ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుంది? హైదరాబాదులో పనిచేస్తున్న కొడుకు ఫోనుకు. ఖాతా ఆమెది, తాళంచెవి వందన్నర కిలోమీటర్ల దూరాన ఇంకొకరి జేబులో. సంఘాల భవిష్యత్తు గురించి ఎన్ని పెద్దమాటలు చెప్పుకున్నా ముందు చూడాల్సింది ఇంత చిన్న విషయం: ప్రతి సభ్యురాలి ఖాతాకు ఆమె సొంత నంబరు ఉందా? ఉంటే ఆ ఫోను ఆమె దగ్గరే ఉందా?

సభ్యుల చేతుల్లో పట్టు లేని సంఘాలు ఏమవుతాయో 2010లో చూశాం. మైక్రో ఫైనాన్స్ కంపెనీలు ఊళ్ల మీద పడ్డాయి. మన సంఘాలు పరిచిన చాపల మీదే వాళ్లూ కూర్చున్నారు. అదే పదిమందిని కూర్చోబెట్టి, ఒకరికి ఒకరు జామీను అనే అదే పద్ధతితో, వారంవారం వసూలు. ఒకే మనిషికి మూడు నాలుగు కంపెనీల అప్పు. ఆత్మహత్యల దాకా పోయాక 2010 అక్టోబరులో ఆ కంపెనీలకు కళ్లెం వేస్తూ ఆర్డినెన్సు వచ్చింది. మరుసటి ఏడు స్త్రీనిధి పెట్టారు, సంఘాల సొంత పరపతి సంస్థగా, ఫోను మీద అడిగితే తొందరగా అప్పు అందేలా. మంచిదే. కానీ అప్పు ఇప్పించడమే సంఘం పనైతే, రేపు ఇంకా తొందరగా ఇచ్చేవాడు ఫోనులోనే ఉన్నాడు. యాప్ నొక్కితే రెండు నిమిషాల్లో డబ్బు. అత్తల కాలంలో వడ్డీ వ్యాపారి గుమ్మంలోకి వచ్చేవాడు. కోడళ్ల కాలంలో అరచేతిలోనే ఉన్నాడు. వాడి సంగతి లీడరమ్మకు తెలియదు, ట్యాబ్ కొట్టే పిల్లకు తెలుసు. సంఘం ఆ పిల్ల మాట వినాలా వద్దా?

నాయకత్వం చేతులు మారడం మనవాళ్లకు చేతకానిదేం కాదు. రెండు ముచ్చట్లు చెబుతాను.

ఒకటి జహీరాబాద్ వైపుది, ఒక రేడియోది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో దళిత మహిళా సంఘాలు మాచునూరులో 2008 అక్టోబరు 15న ‘సంగం రేడియో’ పెట్టాయి. దాన్ని నడిపిన జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అప్పటికి వయసులో చిన్నవాళ్లే. విత్తనం దాచే విద్య, ఏ నేలకు ఏ పంట అనే లెక్క పెద్దవాళ్ల దగ్గర ఉంది. మైకు పట్టే విద్య చిన్నవాళ్ల దగ్గర ఉంది. పెద్దామె మాట్లాడితే చిన్నామె రికార్డు చేసింది. ఎవరూ ఎవరినీ కుర్చీ దిగమనలేదు, పక్కన ఇంకో కుర్చీ వేశారు.

రెండోది ముల్కనూరు మహిళా డెయిరీ, ఇప్పటి హనుమకొండ జిల్లాలోది. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు ముందు పొదుపు సహకార సంఘాలు నడిపారు. పద్దులు చూడటం, ఎగవేసినవాళ్లను అడగటం, ఎన్నికలు పెట్టుకోవడం నేర్చుకున్నారు. ఆ తర్వాతే, 2000లో, పాల డెయిరీ మొదలుపెట్టారు. ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్ముతారు. డెయిరీ ఆడవాళ్లది, పాలకవర్గం ఆడవాళ్లది. ఇక్కడ నాకు నచ్చేది వరస. ముందు పుస్తకం, తర్వాత వ్యాపారం.

ఇప్పుడు మన దగ్గర వరస తిరగబడుతుందేమోనని భయం. కోటి మంది మహిళలను కోటీశ్వరులను చేస్తామని ప్రభుత్వం అంటోంది. మండల సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకిస్తున్నాయి. నారాయణపేటలో జిల్లా సమాఖ్య 2025లో పెట్రోలు బంకు తెరిచింది. సోలార్ ప్లాంట్లు, బడిపిల్లల యూనిఫాంల కుట్టు, క్యాంటీన్లు ఉన్నాయి. నేను వీటిని వెక్కిరించను. రోజుకో రూపాయి కూడబెట్టిన మనిషి పేరు బస్సు మీద కనబడితే ఎవరికి సంతోషం ఉండదు? కానీ బస్సు అద్దె ఒప్పందం చదివేది ఎవరు? టైర్లు అరిగితే ఖర్చు ఎవరిదని ఆ కాగితంలో ఎక్కడుందో వెతికేది ఎవరు? చదివిన కోడలు చదవాలి, బేరం తెలిసిన అత్త మాట్లాడాలి. ఇద్దరిలో ఎవరు లేకున్నా ఆ బస్సు మీద పేరు ఉత్త రంగే.

మన ఆడవాళ్లకు నేర్పడం రాదనుకుంటే పొరపాటు. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ 2011లో వచ్చాక బీహారుకు, ఇంకా ఉత్తరాది రాష్ట్రాలకు సంఘాలు కట్టడం నేర్పడానికి పోయినవాళ్లు మన తెలుగు ఊళ్ల ఆడవాళ్లే, సీఆర్పీలుగా, అంటే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా. హైదరాబాదు కూడా సరిగ్గా చూడనివాళ్లు రైలెక్కి, హిందీ రాకుండానే, వారాల తరబడి పరాయి ఊళ్లలో ఉండి, చేతులు తిప్పి, పాటలు పాడి, పొదుపు లెక్క చెప్పి వచ్చారు. బీహారు బిడ్డలకు నేర్పినవాళ్లు సొంత వాడకట్టు కోడలికి నేర్పలేరా? నేర్పగలరు. ఎవరూ అడగలేదు, అంతే.

నేనైతే అడిగేది పెద్ద సంస్కరణ కాదు. సంఘం ఖాతాకు ఎలాగూ ఇద్దరి సంతకాలు కావాలి. మొదటి సంతకం పెద్దామెదే ఉండనీయండి. రెండో సంతకం మాత్రం ముప్పై అయిదు దాటని పిల్లది కావాలి. రెండేళ్లు ఇద్దరూ కలిసే బ్యాంకుకు పోవాలి, కలిసే అధికారుల ముందు కూర్చోవాలి, కిస్తు ఎగవేసిన ఇంటికీ కలిసే పోవాలి. రెండేళ్లకు చిన్నామె మొదటి సంతకానికి జరగాలి, ఇంకో చిన్నామె రెండోదానికి రావాలి. బ్యాంకుకు తిరిగే పని ఎటూ తప్పదు, ఆ రోజు కూలి గ్రామ సమాఖ్యే కట్టియ్యాలి. ఇక ప్రతి మీటింగులో పుస్తకాన్ని పైకి చదవాలి, ప్రతిసారీ ఒక కొత్త గొంతుతో. చదవరానివాళ్లు వింటూ తమ అంకె తప్పితే ఆపాలి. చదువు రాని ఆడవాళ్ల నోటిలెక్క ఎంత గట్టిదో చిట్టీలు నడిపినవాళ్లకు తెలుసు. తండాల్లో అయితే లంబాడీ భాషలో కూడా చెప్పించాలి, లేకపోతే సగం మంది తలలూపి లేచిపోతారు.

దిగిపోయిన లీడరు ఏం చెయ్యాలని అడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు నాకు ఒక ఏప్రిల్ సాయంత్రం కల్లం దగ్గర దొరికింది. ఆ ఏడు కొత్తగా సెంటర్ బాధ్యత తీసుకున్న అమ్మాయి ట్యాబ్‌లో వివరాలు ఎక్కిస్తోంది. సిగ్నల్ లేదు, ట్యాబ్‌ను ఒకసారి ఇటు, ఒకసారి అటు పట్టుకుని తంటాలు పడుతోంది. పాత లీడరమ్మ కాస్త దూరంగా, ఎవరి కుప్ప మీదో కూర్చుని ఆకు వక్క నములుతోంది. గాలి ఒక్కసారిగా చల్లబడింది. అమ్మాయి తల ఎత్తలేదు. పెద్దామె లేచి ఆకాశం వైపు చూసి, కొంగు బిగించి అరిచింది.

‘ఓ పిల్లా, దాన్ని సంచిల పెట్టు. ముందుగాల ఆ చివరి కుప్ప మీద పరదా కప్పు. అది ఒంటరి ముసలమ్మది, కప్పేటోళ్లు లేరు.’